వంతెన తెరిచిన రోజే పని అయిపోదు



ఇవాళ మనం రైలు వంతెన గురించి మాట్లాడుకుందాం. వంతెన ఎలా కడతారన్నది కాదు మన విషయం. కట్టాక, బాగుచేశాక, కొబ్బరికాయ కొట్టి బండ్లు వదిలాక ఇంకా ఏం మిగిలిపోతుంది? ఆ మిగిలిన పని వల్ల ఎవరికి దెబ్బ తగులుతుంది? దాన్ని పూర్తిచేయించడానికి మామూలు మనిషి ఏం చేయగలడు? ఇదీ మన విషయం.

గుంటూరు బ్రాడీపేటలో ఉండేవాళ్లకి వంతెన విలువ ఒకరు చెప్పక్కర్లేదు. రైలు పట్టాలు మన ఊరిని రెండు ముక్కలు చేశాయి. ఇటు బ్రాడీపేట, అరండల్‌పేట. అటు కొత్తపేట, పెద్దాసుపత్రి, పాత గుంటూరు. ఇటువాళ్లకి జబ్బు చేస్తే అటు పోవాలి. అటు పిల్లలకి కోచింగు కావాలంటే ఇటు రావాలి. ఈ రెండు ముక్కల్నీ ఆరు దశాబ్దాలకు పైగా కలిపి ఉంచింది శంకర్ విలాస్ వంతెన. ఊరు పెరిగింది. బండ్లు పెరిగాయి. వంతెన మాత్రం రెండు వరసల దగ్గరే ఆగిపోయింది. అందుకే పాతదాన్ని తీసేసి, 98 కోట్ల కేంద్ర నిధులతో నాలుగు వరసల కొత్త వంతెన కట్టాలని నిర్ణయించారు. 2025లో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది ఆగస్టులో పాత వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

ఆ రోజు నుంచి ఊరి బరువంతా మిగిలిన దారుల మీద పడింది. డొంకరోడ్డులో పట్టాల కిందుగా పోయే మూడు వంతెనలు, కంకరగుంట వైపు దారి, చుట్టుపక్కల సందులు, అన్నీ ఆ బరువు మోయాల్సి వచ్చింది. కొత్త వంతెన రావాల్సిందే. అందులో అనుమానం లేదు. అది వచ్చే రోజుకి మనం సిద్ధంగా ఉన్నామా అన్నదే నా ప్రశ్న.

ఏ వంతెనకైనా రెండు తేదీలుంటాయి. ఒకటి, బండ్లు వదిలిన తేదీ. రెండోది, ఆఖరి పని పూర్తయిన తేదీ. మొదటి తేదీ ఊరందరికీ తెలుసు. ఆ రోజు పూలదండలు ఉంటాయి, ఫొటోలు ఉంటాయి. రెండో తేదీ ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు. ప్రమాదాలు పొంచి ఉండేది ఆ రెండు తేదీల నడుమే. బండ్లు తిరుగుతుంటాయి, పని మిగిలే ఉంటుంది.

అందుకని నేను మీకు ఇవాళ మూడే మూడు ప్రశ్నలు ఇస్తాను. ఏం మిగిలింది? అది ఎవరి పని? ఎప్పటికి పూర్తవుతుంది? ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఏం మిగిలింది, ఎవరి పని, ఎప్పటికి.

ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. స్లాబు పోశాం. గృహప్రవేశం చేశాం. బంధువులు భోంచేసి వెళ్లారు. డాబా మీద పిట్టగోడ మాత్రం కట్టలేదు. మేస్త్రి వేరే పని ఒప్పుకుని వెళ్లిపోయాడు. వచ్చే వారం, వచ్చే వారం అంటున్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. సాయంత్రం గాలిపటం పట్టుకుని డాబా ఎక్కుతున్నారు. చూసినవాళ్లకి ఇల్లు పూర్తయినట్టే ఉంటుంది. తల్లికి మాత్రం తెలుసు, పూర్తి కాలేదని. ఆవిడ ఆ మేస్త్రిని వదలదు. రోజూ ఫోను చేస్తుంది. ఆఖరి వాయిదా డబ్బు చేతిలో పెట్టుకుని, గోడ కట్టాకే ఇస్తానంటుంది. ఊరి వంతెనకి కూడా అలా వెంటపడేవాళ్లు కావాలి. ఆ పని మనదే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఏం మిగిలింది?

వంతెన ఎక్కే చోట నుంచి మొదలుపెడదాం. మట్టి పోసి కట్టిన ఎత్తు రోడ్డు, కాంక్రీటు వంతెన కలిసే చోటు ఒకటి ఉంటుంది. కొత్తగా పోసిన మట్టి కొన్నాళ్లకి దిగుతుంది. కాంక్రీటు దిగదు. అక్కడ చిన్న మెట్టులా ఏర్పడుతుంది. కారుకి అది ఒక కుదుపు. స్కూటరు మీద వెనకాల చీర కట్టుకుని పక్కకి తిరిగి కూర్చున్న మనిషికి అది ప్రాణగండం.

ఇంకొంచెం ముందుకి రండి. స్లాబుకీ స్లాబుకీ మధ్య జాయింట్లు ఉంటాయి. మన గుంటూరు ఎండలు తెలిసిందే కదా. ఎండకి కాంక్రీటు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ సాగుడికి చోటు ఉండాలని సందు వదులుతారు. ఆ సందు మీద రబ్బరు, ఇనుము సరిగా బిగించాలి. అది ఊడితే సైకిలు చక్రం ఇరుక్కుంటుంది. పైగా వాన నీళ్లు అందులోంచి కిందికి దిగి, లోపలి ఇనుముని తినేస్తాయి.

ఇక సరిగ్గా పట్టాల పైకి వద్దాం. ఇక్కడ చాలా జాగ్రత్తగా వినండి. మన రైలు మార్గం మీద కరెంటు తీగ ఉంది. అందులో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు. రెండు మీటర్ల లోపలికి మనిషి రాకూడదని రైల్వేవాళ్లే చెబుతారు. అందుకే పట్టాల పైన వంతెనకి రెండు పక్కలా ఎత్తైన అడ్డుతెరలు పెట్టాలి. ఎవరో పైనుంచి పూజ పూలు సంచీతో విసురుతారు. ఎవరో తడి గుడ్డ జారవిడుస్తారు. పిల్లాడు ఇనప చువ్వ కిందికి చాపుతాడు. ఆ అడ్డుతెర అలంకారం కాదు. దాన్ని పెట్టకుండా మనుషుల్ని వదలకూడదు.

ఆ తరవాత దీపాలు. స్తంభాలు నిలబెట్టి, తీగలు లాగి, కనెక్షను ఇవ్వకుండా వదిలేస్తే అవి ఉన్నా లేనట్టే. ఆ తరవాత నడిచేవాళ్ల దారి. కాలిబాట మీద పలకలు పరవకపోతే ముసలివాళ్లు బండ్ల మధ్యకి దిగి నడుస్తారు. ఆ తరవాత మెట్లు. మెట్లకి పట్టుకునే కమ్మీ లేకపోతే మోకాళ్ల నొప్పులున్న మనిషి ఏం పట్టుకోవాలి?

ఇక వంతెన కింద. పని అయిపోయాక కంకర కుప్పలు, చువ్వల ముక్కలు, పగిలిన దిమ్మలు అక్కడే వదిలేస్తారు. వాన పడగానే అవన్నీ కాలవలోకి జారతాయి. నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. డొంకరోడ్డు మూడు వంతెనల కింద నీళ్లు నిలవడం మనకి కొత్త కాదు. నీళ్లలో గుంత కనపడదు. మూత లేని మ్యాన్‌హోలు కనపడదు.

నీటి దారి చిన్న విషయం అనుకోకండి. రేపల్లె నుంచి సికింద్రాబాదు వెళ్లే డెల్టా ప్యాసింజరు మనలో చాలామందికి గుర్తుంటుంది. మన గుంటూరు మీదుగా వెళ్లే బండి. 2005 అక్టోబరు 29న, భారీ వానలకి చెరువు తెగి, రామన్నపేట, వలిగొండల మధ్య ఒక చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. తెల్లవారుజామున ఆ బండి అక్కడికి వెళ్లి పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అది పేరున్న పెద్ద వంతెనేం కాదు. నీళ్లు దారి దొరక్క మీదపడితే ఇనుమూ సిమెంటూ నిలవవని ఆ రాత్రి చెప్పింది.

రైలు పట్టాల కింది దారుల్లో ఇంకొకటుంది. ఎత్తు చూపే ఇనప కమాను. హైట్ గేజ్ అంటారు. ఇంతకంటే ఎత్తు బండి లోపలికి రాకూడదని చెప్పేది అదే. మనది మిర్చి ఊరు, పత్తి ఊరు. సీజనులో మిర్చి టిక్కీలు, పత్తి బోరాలు ఎత్తుగా పేర్చుకుని బండ్లు తిరుగుతాయి. ఆ కమాను వంగిపోతే, పడిపోతే, మరమ్మతు కోసం తీసి మళ్లీ పెట్టకపోతే, లోడు బండి నేరుగా రైలు నడిచే గర్డరుకే కొట్టుకుంటుంది. కింద డ్రైవరుకీ ప్రమాదం. పైన రైలుకీ ప్రమాదం.

ఇవన్నీ కంటికి కనపడేవి. కనపడనివి కూడా ఉంటాయి. గుజరాత్‌లో మోర్బీ అనే ఊరుంది. అక్కడ మచ్ఛు నది మీద నడిచేవాళ్ల కోసం వేలాడే వంతెన ఉండేది. అది రైలు వంతెన కాదు. అయినా మన విషయానికి అంతకంటే గట్టి పాఠం లేదు. దాన్ని నెలల తరబడి మూసి బాగుచేశారు. 2022 అక్టోబరు 26న తెరిచారు. నడిచే పలకలు కొత్తవి వేశారు. చూడ్డానికి కొత్త వంతెనలా ఉంది. కానీ బరువు మోసే పాత తీగల్లో చాలా తుప్పు పట్టి ఉన్నాయి. అది భద్రంగా ఉందన్న ధ్రువపత్రం మున్సిపాలిటీ నుంచి తీసుకోనే లేదు. తెరిచిన నాలుగు రోజులకే, అక్టోబరు 30న, తీగ తెగింది. 135 మంది చనిపోయారు. అందులో పిల్లలు చాలామంది ఉన్నారు.

ఈ సంగతి మనకి ఏం నేర్పుతోంది? రంగు వేసినంత మాత్రాన, పైన తారు పరిచినంత మాత్రాన బాగుచేసినట్టు కాదు. ఏం బాగుచేశారు, ఏం బాగుచేయలేదు, ఎవరు పరీక్షించారు, ఆ కాగితం ఎక్కడుంది? అడగాలి.

ఇక రెండో ప్రశ్న. అది ఎవరి పని?

పట్టాల మీదుగా వెళ్లే రోడ్డు వంతెన చూడ్డానికి ఒకటే. కాగితాల్లో అది మూడు ముక్కలు. సరిగ్గా పట్టాల పైనుండే భాగం రైల్వే హద్దులోది. రెండు పక్కలా ఎక్కే, దిగే రోడ్లు మామూలుగా ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖవాళ్లవి. కింద కాలవలు, చెత్త, వీధి దీపాలు చాలా చోట్ల కార్పొరేషనువి. ఒక్క వంతెనకి ముగ్గురు యజమానులు. మనం ఒక ఆఫీసుకి వెళ్తాం. మాది కాదు, పక్క ఆఫీసు అంటారు. అక్కడికి వెళ్తే ఇంకో ఆఫీసు. కాళ్లరిగాక మనిషి ఇంటికి పోతాడు. గుంత అక్కడే ఉంటుంది.

ఇది మన ఊరి గొడవ ఒక్కటే కాదు. ముంబయి అంధేరిలో పట్టాల మీద గోఖలే వంతెన అని ఉంది. 2018 జులై 3న దాని కాలిబాట భాగం విరిగి పట్టాల మీద పడింది. వెంటనే మొదలైన వాదన ఏమిటో తెలుసా? దాన్ని చూసుకోవాల్సింది రైల్వేనా, నగరపాలక సంస్థా అని. ఆ తరవాత పాతదాన్ని కూల్చి కొత్తది కట్టారు. కరెంటు తీగల పైన ఎక్కువ ఎత్తు వదలాలని రైల్వే నిబంధన. అందుకని కొత్త వంతెన లేచింది. దాని పక్కనే ఉన్న పాత ఫ్లైఓవరు లేవలేదు. 2024లో ఒక పక్క తెరిచేసరికి రెండిటి ఎత్తూ కలవలేదు. మళ్లీ నెలలు పట్టింది. జాకీలు పెట్టి ఫ్లైఓవరు భాగాన్ని పైకి లేపి కలపాల్సి వచ్చింది. ఎవరి భాగం వాళ్లు కట్టారు. రెండు భాగాలు కలిసే చోటుని ముందుగా ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

మన దగ్గరా కొత్త వంతెన పాతదానికంటే ఎత్తు లేవాల్సి రావచ్చు. ఎత్తు లేస్తే దిగే చోటు దూరం జరుగుతుంది. పక్క రోడ్లు, అడ్డరోడ్లు, దుకాణాల గుమ్మాలు, కాలవ మట్టాలు, అన్నీ దానితో కలవాలి. ప్రమాదం దాక్కునేది అలా కలిసే చోటే.

ఇంకొక మాట. పట్టాల పైభాగానికి గట్టి కాపలా ఉంది. అక్కడ పని చేయాలంటే రైల్వే భద్రతా కమిషనరు అనుమతి కావాలి. గర్డరు ఎక్కించాలంటే రైళ్లు ఆపి, గంటలు లెక్కపెట్టుకుని పని చేయాలి. అది మంచిదే. మెట్ల పక్కన విరిగిన కమ్మీకి మాత్రం అలాంటి కాపలా లేదు. దీపం లేని మలుపుకి కాపలా లేదు. అక్కడ కాపలా మనమే.

మూడో ప్రశ్న. ఎప్పటికి?

చూస్తాం, చేస్తాం అన్న జవాబుని జవాబుగా తీసుకోవద్దు. తేదీ కావాలి. ఇక్కడ మీకు ఒక ముఖ్యమైన సంగతి చెబుతాను. ఇలాంటి పనుల ఒప్పందంలో ఒక షరతు ఉంటుంది. పని పూర్తయ్యాక కొంతకాలం వరకు, కట్టినదాంట్లో లోపం బయటపడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. అప్పటిదాకా అతని డబ్బు కొంత డిపాజిట్టుగా ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. ఇందాక పిట్టగోడ కోసం తల్లి ఆఖరి వాయిదా పట్టుకుందని చెప్పాను కదా, ఇదీ అదే పద్ధతి. ఆ గడువు లోపల లోపం కాగితం మీదకి ఎక్కాలి. గడువు దాటాక ఎక్కితే ఆ ఖర్చు మళ్లీ మన పన్నుల మీదే పడుతుంది. నోటితో చెప్పిన ఫిర్యాదుకి తేదీ ఉండదు. రాసిన ఫిర్యాదుకి తేదీ ఉంటుంది.

మరి ఎలా రాయాలి? పెద్ద భాష అక్కర్లేదు. ఒక్క కాగితం చాలు. ఎక్కడ అన్నది రాయండి. వంతెన మీదో, కిందో, బ్రాడీపేటలో ఎన్నో లైను వీధి వైపో చెప్పండి. రైలు వంతెనల మీద నంబరు రాసి ఉంటుంది, అదీ రాయండి. ఏం లోపమో రాయండి. ఎప్పటినుంచి ఉందో రాయండి. దానివల్ల ఎవరు పడ్డారో, ఏ వేళ పడ్డారో రాయండి. పగలు ఒక ఫొటో, రాత్రి ఒక ఫొటో తీయండి. మూడు నకళ్లు తీయించండి. ఒకటి రైల్వే డివిజను అధికారి (డీఆర్ఎం) ఆఫీసుకి, ఒకటి ఆర్ అండ్ బీకి, ఒకటి కార్పొరేషనుకి. ముగ్గురికీ పంపినట్టు ఆ కాగితంలోనే రాయండి. అప్పుడు మాది కాదు అనేవాళ్లు, ఎవరిదో కూడా చెప్పాల్సి వస్తుంది. అందినట్టు ముద్ర వేయించుకోవడం మరవొద్దు.

గుంటూరు రైల్వే డివిజను 2003 నుంచీ మన ఊళ్లోనే ఉంది. ఆ ఫిర్యాదు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడా ఇవ్వొచ్చు. రైళ్లకి సంబంధించిన అత్యవసరమైతే 139కి ఫోను చేయండి. మనుషులకి దెబ్బలు తగిలితే 112 లేదా 108.

జవాబు రాకపోతే? 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుము. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ఆ చట్టం కింద కాగితాలు చూడటమే కాదు, జరుగుతున్న పనిని వెళ్లి చూసే హక్కు కూడా మనకి ఉంది. వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇమ్మని అడిగే హక్కు ఉంది. మిగిలిన పనుల జాబితా ఇవ్వండి, పరీక్షల నివేదిక ఇవ్వండి, కాంట్రాక్టరు బాధ్యత ఎప్పటిదాకానో చెప్పండి అని అడగండి.

ఇదంతా అడుగుతూనే, మనం చేయాల్సింది కూడా చెప్పుకోవాలి. వంతెన మూసి ఉన్న రోజుల్లో చుట్టూ తిరగడం కష్టమే. ఎండలో మరీ కష్టం. అయినా దయచేసి పట్టాల మీదుగా దాటొద్దు. ఒక లైను మీద బండి పోతుంటే, దాని మోతలో రెండో లైను మీద వచ్చే బండి వినపడదు. వేగంగా వచ్చే రైలు, డ్రైవరు బ్రేకు వేసినా వందల మీటర్లు వచ్చాక గానీ ఆగదు. చట్టప్రకారం కూడా అది నేరం. మీ పిల్లలకి చెప్పండి. మీ ఇంట్లో పనిచేసేవాళ్లకి చెప్పండి. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచే కుర్రాళ్లకి మరీ మరీ చెప్పండి. బ్యారికేడు పక్కకి జరిపి సందులోంచి బండి దూర్చొద్దు. మీరు జరిపిన బ్యారికేడు తిరిగి ఎవరూ పెట్టరు. చీకట్లో వచ్చే మనిషి ఆ గోతిలో పడతాడు.

అధికారులకి కూడా ఒక విన్నపం. రాత్రిళ్లు, వానలో, ఎండలో నిలబడి పని చేయించే ఇంజినీర్ల కష్టం మాకు తెలుసు. కూలీల కష్టం ఇంకా బాగా తెలుసు. మేం అడిగేది తప్పుపట్టడం కోసం కాదు. తెరవడానికి తొందరపడొద్దు. తెరిచే ముందు ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, మూడు శాఖలవాళ్లూ కలిసి ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. కారులో కాదు, కాళ్లతో నడవండి. మీతో ఒక ముసలాయనని, చక్రాల కుర్చీలో తిరిగే ఒక మనిషిని, బడి పిల్లని తీసుకువెళ్లండి. వాళ్లు ఆగిన ప్రతిచోటా మీకు ఒక మిగిలిన పని కనపడుతుంది.

శ్రోతలారా, మళ్లీ ఒకసారి చెబుతాను. ఏం మిగిలింది? ఎవరి పని? ఎప్పటికి? శంకర్ విలాస్ వంతెన ఒక్కదానికే కాదు. మీ ఊళ్లో రైలు గేటు దగ్గర కొత్తగా వేసిన కింది దారికీ ఇవే ప్రశ్నలు. తెనాలిలో వింటున్నా, నరసరావుపేటలో వింటున్నా, ఒంగోలులో వింటున్నా ఇవే ప్రశ్నలు.

ఒక్క పని అడుగుతాను, కాదనకండి. కొత్త వంతెన తెరిచే రోజున దాని రెండు చివర్లా ఒక బోర్డు పెట్టించుకుందాం. తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఇంకా మిగిలిన పనులు ఇవి, చేయాల్సిన శాఖ ఇది, పూర్తయ్యే తేదీ ఇది, ఫోను నంబరు ఇది. పూర్తయిన పనికి ఎదురుగా గీత కొట్టాలి. బోర్డు మీద ఆఖరి వరస కూడా కొట్టేసిన రోజే మన వంతెన పూర్తయినట్టు. ఆ బోర్డు కావాలని రాసే మొదటి కాగితం ఈ వారంలోనే, బ్రాడీపేటలో ఒక్కో లైను నుంచి ఒక్కొక్కటి వెళ్లాలి. మీ లైను కాగితం మీరు రాయండి. పక్కింటివాళ్ల చేత సంతకం పెట్టించండి.